చుక్కలమ్మ పట్టుకున్న చెయ్యి

ఆ విహార ఓడలో ఆమె ముఖం ఎవరికీ గుర్తుండేది కాదు. ఆమెకీ ఎవరి ముఖమూ గుర్తుండేది కాదు. భోజనాల హాలు గుమ్మం పక్కన పొడుగాటి సీసా పట్టుకుని మూడు పూటలా నిలబడటం, లోపలికి వెళ్ళే ప్రతి మనిషి అరచేతుల్లోనూ రెండు చుక్కలు క్రిమిమందు వెయ్యడం, ఇదీ ఆమె ఉద్యోగం. ఆ మాత్రం దానికి గోడకో యంత్రం తగిలిస్తే సరిపోదా అనిపిస్తుంది. సరిపోదు. యంత్రమైతే జనం చూడనట్టు పక్కనుంచి జారుకుంటారు. మనిషి నవ్వుతూ నిలబడితే మొహమాటానికైనా చేతులు చాస్తారు. అందుకని ఆమె పొద్దస్తమానం నవ్వాలి. "చేతులండీ, చేతులూ" అని రాగం తియ్యాలి. మారాం చేసే పిల్లలకి "ముందు చుక్క, తరవాత ముక్క" అని ఆశపెట్టాలి. తోటి పనివాళ్ళు ఆమెకి చుక్కలమ్మ అని పేరు తగిలించారు. ఆ పేరు కన్నవాళ్ళు పెట్టిన పేరుని ఎప్పుడో మింగేసింది.

చూసి చూసి ఆమెకి మనుషులంటే చేతులే అయిపోయారు. ఉంగరం తీసేసిన తెల్లటి గుర్తు ఉన్న చెయ్యి, గోళ్ళు కొరికే చెయ్యి, చుక్క పడకముందే వెనక్కి లాక్కునే తొందర చెయ్యి. చేతిని చూసి మనిషి తిండిపోతో పిసినారో చెప్పేస్తానని గొప్పలు పోయేది. సగం అబద్ధమే అనుకోండి, పని గడవాలంటే ఏదో ఒక సరదా ఉండాలి కదా.

ఆ ఉద్యోగానికి ఒకటే కట్టుబాటు. ఎవరినీ ముట్టుకోకూడదు. సీసా మూతి కూడా ఎవరి చర్మానికీ తగలకూడదు. చుక్క పై నుంచి పడాలి, అంతే. వేలమంది ఆమె ముందు చేతులు చాచారు గానీ, ఆమె మాత్రం నెలల తరబడి ఒక్క చెయ్యీ పట్టుకోలేదు. వడ్డించేవాడి ఆకలి ఎవరిక్కావాలి?

ఆమె పట్టుకోవాలనుకున్న చెయ్యి ఇంకో ఓడలో ఉంది. మేనత్త కొడుకు, కట్టుకున్నవాడు, రెండూ అతనే. పెళ్ళయినా "ఏమండీ" అనడం నోరు తిరగక "బావా" అనే పిలిచేది. ఇద్దరూ ఒకే కంపెనీలో చేరారు. ఒకే ఓడలో పని ఇప్పించండి మహాప్రభో అంటే "చూద్దాం" అన్నారు. కంపెనీవాళ్ళు చూద్దాం అంటే ఏమిటో తెలిసిందే. ఇద్దరూ చెరో ఓడ ఎక్కారు. రేవులో ఓడని కట్టే పెద్ద పెద్ద మోకులు బావ పని. మోటు చేతులు, మోకుల రాపిడికి అరచెయ్యంతా కాయలు కాసి గరుకుగా ఉండేది. ఆ గరుకు చెయ్యి తన చెంప మీద ఆనితే ఆమెకి నిద్ర పట్టేది. ఇప్పుడు నిద్రకి వేరే తంటాలు పడుతోంది.

మొదట్లో వీడియోలో మాట్లాడుకునేవాళ్ళు. బావ ముందుగా రెండు చేతులూ దోసిలి పట్టి తెరకి ఆనించేవాడు. "మాకూ రెండు చుక్కలు వెయ్యవే" అనేవాడు. ఆమె ఉత్తి చేత్తో సీసా నొక్కినట్టు నొక్కేది. అతను ఆ లేని మందుని శ్రద్ధగా రుద్దుకునేవాడు. ఇద్దరూ చంటిపిల్లల్లా నవ్వుకునేవాళ్ళు.

తరవాత బావ వీడియో మానేశాడు. "డబ్బు దండగే, మాట వినపడితే చాలదా?" అన్నాడు. మోకుల పని కూడా మారిందన్నాడు. ఇప్పుడు రంగుల కొట్లో కూర్చుని సామాను ఇచ్చే పనిట.

"అంటే పైకెక్కావా బావా?"

"అలాంటిదేలే."

ఆమె ఆ మాట ఓడంతా చాటింది. ఎందుకు మార్చారు, ఎలా మార్చారు అని అడగాల్సిన మాట ఒక్కటీ అడగలేదు. సంతోషం మనిషిని అలా మొద్దుని చేస్తుంది.

ఎదురు చూసి చూసి కళ్ళు కాయలు కాశాక, ఎట్టకేలకి రెండు ఓడలూ ఒకే రోజున ఒకే రేవులో ఆగబోతున్నాయని తెలిసింది. మధ్యాహ్నం పనివాళ్ళని కాసేపు ఒడ్డుకి వదులుతారు. "ఏం చేద్దామే?" అని బావ ఫోన్‌లో అడిగాడు.

"ఏం చెయ్యొద్దు. ఎక్కడో ఒక బల్ల చూసుకుని కూర్చుందాం. నీ చెయ్యి పట్టుకుంటా. అంతే, నాకు ఇంకేం వద్దు."

అవతల కాసేపు మాట లేదు. తరవాత "సరేలే" అన్నాడు. సిగ్గుపడ్డాడనుకుని మురిసిపోయింది.

ఈలోగా ఓడలో కడుపు జబ్బు వచ్చిపడింది. వాంతులు, విరేచనాలు. మూసి ఉన్న ఓడలో ఆ జబ్బు ఒకళ్ళకి వస్తే పది మందికి పాకుతుంది. గరిటెలు, తలుపు పిడులు, మెట్ల పక్క కమ్మీలు, ఎక్కడ చెయ్యి పెడితే అక్కడే అంటుకుంటుంది. ఆస్పత్రి గది నర్సక్క జబ్బు పడ్డవాళ్ళని విడిగదుల్లో పెట్టింది, వాళ్ళని ముట్టుకున్నవాళ్ళని కూడా పెట్టింది. రెండు రోజులు గది దాటడానికి లేదు. కెప్టెన్‌కైనా సరే, అదే రూలు. అదృష్టం కొద్దీ, రేవు దగ్గరపడేసరికి జబ్బు సద్దుమణిగింది. ఒడ్డుకి వదులుతామని చెప్పగానే చుక్కలమ్మ గుండె మీంచి బండ దించినట్టయింది. ఉన్న నాలుగు జతల్లోనూ మంచిది తీసి రెండుసార్లు ఇస్త్రీ చేసుకుంది.

రేవు చేరే ముందురోజు సాయంత్రమే ఆమె పొరపాటు చేసింది.

ఆ మందుకో పాడు గుణం ఉంది. చేతుల్లోంచి జారి నేల మీద పడితే పలక నూనె రాసినట్టు జారుతుంది. అందుకే నడుముకి గుడ్డ దోపుకుని, నాలుగు చేతులకోసారి వంగి తుడవాలి. ఆ సాయంత్రం ఆమె చేతులు చుక్కలు వేస్తున్నాయి, మనసు మాత్రం ఎక్కడో బల్ల మీద కూర్చుని ఉంది. తుడవడం మర్చిపోయింది. సరిగ్గా అప్పుడే వచ్చాడు పెద్దాయన.

పెద్దాయన ఒంటరి ప్రయాణికుడు. గడియారాలు బాగుచేస్తూ బతికినవాడు, సన్నటి పొడుగాటి వేళ్ళు. ఆమె మొదటిరోజు తాతగారూ అంటే "బాబాయ్ అను, ఇంకో చుక్క ఎక్కువ వేయించుకుంటా" అన్నాడు. ఆనాటినుంచీ బాబాయ్‌గారే. ఆ బాబాయ్‌గారి కాలు తడి పలక మీద పడింది, సర్రున జారింది. ఆమె సీసా వదిలేసి రెండు చేతులతోనూ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

ఆయన నిలదొక్కుకున్నాడు. అక్కడితో వదిలెయ్యాలి. వదల్లేదు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది, పొడిగా ఉంది, మనిషి చెయ్యిలా ఉంది. ఎన్ని నెలలైందో ఆమెకి అప్పుడు తెలిసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు కట్టుబాటు ఆ తరవాత గుర్తొచ్చింది, అయినా వేళ్ళు మాట వినలేదు.

పెద్దాయన లాక్కోలేదు. "ఈ పట్టు నాకోసం కాదులే అమ్మాయ్. ఎవరికోసం?" అన్నాడు నెమ్మదిగా.

ఆమె చటుక్కున వదిలేసింది. ముఖం ఎర్రబడింది. "రేపు మా బావ వస్తున్నాడండీ రేవులోకి."

"అలా చెప్పు. రేపు మా అక్క వస్తోంది. ఆ ఊళ్ళోనే ఉంటుంది. మోకాళ్ళు అరిగిపోయాయి, ఓడ ఎక్కలేదు, నేనే దిగాలి." పెద్దాయన నవ్వాడు. "చిన్నప్పుడు రోడ్డు దాటించడానికి నా చెయ్యి పట్టుకునేదా, దాటాక కూడా వదిలేది కాదు. బడి దాకా అలాగే ఈడ్చుకుపోయేది. నా ఈడువాళ్ళు చూస్తుంటే తల కొట్టేసినట్టుండేది. ఇప్పుడు పట్టుకోమను, ఎక్కడిదాకానైనా నడుస్తా."

వెనక వరస పెరిగింది. ఆమె నేల తుడిచి, సీసా తీసుకుని మళ్ళీ "చేతులండీ" అంది. ఎవరూ ఏమీ గమనించలేదు.

తెల్లారింది. రేవు ఇంకా దూరంగా గీతలా కనిపిస్తోంది. పెద్దాయన అప్పుడే దిగిపోవడానికి తయారైనట్టు కోటు వేసుకుని, తల దువ్వుకుని, అందరికన్నా ముందు హాలుకి వచ్చాడు. చేతులు చాచాడు. ఆమె రెండు చుక్కలు వేసి ఆగిపోయింది. నిన్నటి చెయ్యి కాదది. గోళ్ళు పాలిపోయాయి, అరచెయ్యి చెమటతో తడిసి ఉంది. వణుకు ఆపుకోవడానికి మోచేతుల్ని పక్కలకి అదిమిపెట్టుకున్నాడు.

"బాబాయ్‌గారూ..."

"ఏం లేదమ్మాయ్. రాత్రి రెండు మూడుసార్లు వెళ్ళొచ్చాను, అంతే. నువ్వు చూళ్ళేదు, నేను చెప్పలేదు. మధ్యాహ్నం దాకా నోరు కుట్టేసుకో తల్లీ, దిగిపోతాను."

"లోపల గరిటెలు అందరూ పట్టుకుంటారండీ."

"నేను దేన్నీ పట్టుకోను. ఒట్టు."

ఆమె పక్కకి తప్పుకుంది. ఆయన లోపలికి వెళ్ళాడు. పాపం పెద్దాయన, అక్కని చూసుకోనీ అనుకుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే అది. ఆయన దొరికిపోతే ఎవరెవరు ముట్టుకున్నారని అడుగుతారు. అడిగితే తనూ గదిలో పడుతుంది. పడితే బావ లేడు, బల్ల లేదు, చెయ్యి లేదు. ఆ భయమే ఆమెని పక్కకి జరిపింది, జాలి కాదు. అది ఆమెకీ తెలుసు.

పెద్దాయన సగం మాటే నిలబెట్టుకున్నాడు. గరిటెల జోలికి పోలేదు. గోడవార కూర్చుని, నోరెండిపోయిందేమో, బల్ల మీది నీళ్ళ జగ్గు ఎత్తి గ్లాసులోకి వంచుకున్నాడు. ఆ వెనకే ఒక తల్లి చంటిదాన్ని చంకనేసుకుని వచ్చింది, అదే జగ్గు అదే పిడి పట్టుకుని ఎత్తి, అదే చేత్తో చంటిదాని మూతి తుడిచింది.

చుక్కలమ్మ గోడకున్న ఫోన్ తీసి నర్సక్కని పిలిచింది.

నర్సక్క ముక్కుకి గుడ్డ కట్టుకుని, చేతి తొడుగులతో పరుగున వచ్చింది. తల్లినీ చంటిదాన్నీ సబ్బుతో చేతులు కడగడానికి పంపింది. జగ్గు తీయించింది. పెద్దాయన్ని బయటికి తీసుకొచ్చి గుమ్మం దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టింది. ఆయన చుక్కలమ్మ వైపు చూసిన చూపుకి ఆమె నేలలోకి కుంగిపోయింది.

"నమ్మించి గొంతు కోశావు కదే" అన్నాడు.

"నిన్నటినుంచి మిమ్మల్ని ఎవరైనా ముట్టుకున్నారా?" నర్సక్క అడిగింది.

పెద్దాయన చుక్కలమ్మ ముఖంలోకి మళ్ళీ చూశాడు. నిన్న ఆమె బావ గురించి చెప్పిన మాట ఆయనకి గుర్తొచ్చిందో ఏమో, కళ్ళలో కోపం అలాగే ఉంది గానీ నోట్లోంచి వచ్చిన మాట వేరు. "ఎవరూ ముట్టుకోలేదు. ఒంటరి ముసలాణ్ణి ఎవరు ముట్టుకుంటారు ఈ ఓడలో?"

నర్సక్క తల ఊపింది. అయిపోయింది. ఆమె గట్టెక్కింది. మధ్యాహ్నం మెట్లు దిగి వెళ్ళి, బావ పక్కన కూర్చుని, ఈ చేతులతోనే...

ఈ చేతులతోనే. సబ్బుతో ఎన్నిసార్లు కడిగిందో లెక్క లేదు, అయినా ఇవే చేతులు. వీటితోనే బావ చెయ్యి పట్టుకోవాలి. బావ ఆ జబ్బుని మోసుకుని తన ఓడకి వెళ్ళాలి. తను పొద్దున్నే మళ్ళీ ఇదే గుమ్మం దగ్గర నిలబడి నవ్వాలి. నెలల తరబడి దాచుకున్న కోరిక, తీరబోయే ముందు ఇలా చేతికి అంటుకుని కూర్చుంది.

"నర్సక్కా, నేను ముట్టుకున్నాను. జారిపడబోతే పట్టుకున్నాను."

"ఎంతసేపు?"

"అవసరానికి మించి."

నర్సక్క నిట్టూర్చింది. "ఇవాళే కదే మీ ఆయన..."

"ఇవాళే."

పెద్దాయన నుదురు కొట్టుకున్నాడు. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ నీ దేవుడూ నువ్వే, పూజారీ నువ్వే. పిచ్చిమొహమా!"

ఇద్దరికీ పక్కపక్క విడిగదులు ఇచ్చారు. చుక్కలమ్మ సెల్లు కింది అంతస్తులో, పనివాళ్ళ గదిలో ఉండిపోయింది. ఆ గదికి మందు కొట్టి తలుపు మూసేశారు. ఇక్కడ ఉన్నవల్లా ఒక మంచం, గదుల మధ్య మాట్లాడుకునే ఫోను, తలుపు పక్కన గోడకి తగిలించిన మందు సీసా, తెరుచుకోని గుండ్రటి కిటికీ. కిటికీలోంచి రేవు గట్టు కనిపిస్తోంది. నర్సక్క మంచిది. గట్టు మీద కాపలావాళ్ళకి విషయం చెప్పి, ఫలానా కిటికీ అని బావకీ, పెద్దాయన అక్కగారికీ కబురు పంపించింది.

ఓడ గట్టుకి ఆనింది. గట్టుకి అటు పక్క బావ ఓడ అప్పటికే కట్టేసి ఉంది, అచ్చు ఇలాంటిదే. ఆ మోకుల్ని కట్టింది ఎవరో అనుకుంటుండగా ఫోన్ మోగింది.

"అమ్మాయ్, నా కిటికీకి అడ్డంగా ప్రాణరక్షణ పడవ వేలాడుతోంది. ఆకాశం కూడా కనబడదు" అన్నాడు పెద్దాయన. గొంతు నీరసంగా ఉంది. "నీకేమైనా కనబడుతోందా?"

"గట్టంతా కనబడుతోందండీ."

"మా అక్క వచ్చిందేమో చూడు. కర్ర ఉంటుంది. నడక బాతులా ఉంటుంది, నేను అన్నానని చెప్పకు."

కోపం పోయిందా అని అడగాలనుకుని ఊరుకుంది. చూసింది. మనుషుల మధ్యలోంచి కర్ర పొడుచుకుంటూ, అటూ ఇటూ ఊగుతూ ఒక ముసలామె వస్తోంది.

"వచ్చారండీ. నీలం శాలువా. తలెత్తి కిటికీలన్నీ వెతుకుతున్నారు."

"నేను చలికాలంలో పంపిన శాలువా అది" అన్నాడు పెద్దాయన.

ఆ వెనకే బావ కనిపించాడు. చొక్కా కొత్తది. ముఖం కాస్త చిక్కింది. ఎండ కాస్తున్నా రెండు చేతులకీ పని తొడుగులు వేసుకునే ఉన్నాడు. కిటికీలు లెక్కపెట్టుకుంటూ వచ్చి సరిగ్గా ఎదురుగా ఆగాడు. ఆమె అద్దానికి ముఖం ఆనించింది. అంత దూరంనుంచి కూడా అతని పళ్ళు కనిపించాయి. "వచ్చాడు" అంది ఫోన్‌లో.

"ఎలా ఉన్నాడు?"

"పనివాడిలా ఉన్నాడండీ. పండగకి కూడా తొడుగులు తియ్యడు కాబోలు."

ముసలామె కూడా అక్కడికే వచ్చింది. గట్టు మీద ఓడ మోకు అడ్డంగా సాగి ఉంది. ఆమె దాన్ని దాటబోయి తడబడింది. బావ చప్పున చెయ్యి అందించాడు, ఎడమ చెయ్యి. ముసలామె దాన్ని గట్టిగా పట్టుకుని మోకు దాటింది.

అప్పుడు చూసింది చుక్కలమ్మ. చేతులు చూసి చూసి అరిగిపోయిన కళ్ళవి. ముసలామె పట్టుకున్న తొడుగులో మూడు వేళ్ళు బిగుసుకున్నాయి. చివరి రెండు వేళ్ళు మాత్రం ఉత్తి గుడ్డలా వెనక్కి మడతపడిపోయాయి. వాటి లోపల ఏమీ లేదు.

మోకుల పని ఎందుకు పోయిందో, వీడియో ఎందుకు పోయిందో, ఆ రోజు "సరేలే" అనడానికి అంతసేపు ఎందుకు పట్టిందో ఆమెకి ఒక్కసారిగా తెలిసిపోయింది. బిగిసిన మోకు చుట్టేసి లాగితే ఏమవుతుందో ఓడల్లో పనిచేసేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

"దొంగ" అంది. "దొంగమొహం వాడా, ఇన్నాళ్ళూ..."

"ఎవర్నే తిడుతున్నావు?" అన్నాడు పెద్దాయన.

బావ తలెత్తి చూశాడు. ఆమె ముఖం చూసి ఆమె చూసేసిందని గ్రహించాడు. ముసలామె వదిలిన చేతిని ముందు వీపు వెనక్కి పెట్టుకున్నాడు, తప్పు చేసినవాడిలా. అలా కాసేపు నిలబడ్డాడు. తరవాత ఆ చెయ్యి ముందుకి తెచ్చి తొడుగు లాగేశాడు. రెండోదీ లాగేశాడు. రెండు చేతులూ దోసిలి పట్టి, తలపైకెత్తి, కిటికీ వైపు చాచాడు. మాకూ రెండు చుక్కలు వెయ్యవే అని పెదాలు కదిలాయి. ఆ దోసిలికి నడిమధ్యన రెండు వేళ్ళంత సందు ఉంది. చుక్క వేస్తే అందులోంచి కారిపోతుంది.

ఆమె భుజానికి ఫోన్ అదుముకుని, గోడ మీది సీసా తీసి, అద్దం మీద బావ చేతులు కనిపించే చోట నొక్కింది. ఒకసారి నొక్కింది, ఇంకోసారి నొక్కింది. మందు అద్దం మీద జారుతుంటే అరచేత్తో దాన్ని అక్కడే రుద్దింది. కింద బావ చేతులు రుద్దుకుంటున్నాడు. రుద్దుకుంటూ రుద్దుకుంటూ ఆపేసి, మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె ఏడుస్తోంది, ఆపుకునే ప్రయత్నమేమీ చెయ్యలేదు.

"అమ్మాయ్, ఉన్నావా? ఏమైంది?"

"మా బావకి రెండు వేళ్ళు లేవు బాబాయ్‌గారూ. నాతో చెప్పలేదు."

పెద్దాయన నెమ్మదిగా "మా అక్క ఏం చేస్తోంది?" అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని చూసింది. ముసలామె కర్రని చంకలో ఇరికించుకుని, బావ వైపు తిరిగి ఏదో అడుగుతోంది. బావ తల అడ్డంగా ఊపుతున్నాడు. ముసలామె అతని ఎడమ చెయ్యిని, తొడుగు లేని ఆ చెయ్యిని, తన రెండు చేతుల మధ్యకి తీసుకుంది.

"మా బావ చెయ్యి పట్టుకున్నారండీ."

"గట్టిగానా?"

"గట్టిగానే." ఆమె అద్దానికి నుదురు ఆనించింది. "బాబాయ్‌గారూ, కాసేపు వదలొద్దని చెప్పాలనుందండీ ఆవిడకి. నా తరఫున."

"చెప్పక్కర్లేదమ్మా" అన్నాడు పెద్దాయన. "రోడ్డు దాటాక కూడా వదలదది."